నాలుగు వేళ్ల నేత

పెద్ద జంపఖానాను ఒక్క మనిషి నేయలేడు. ఈ సంగతి బయటివాళ్లకు చెబితే "ఔనా?" అని ఊరుకుంటారు. మా వరంగల్ నేతవాడలో పుట్టిన పిల్లలకు మాత్రం అక్షరాలు రాకముందే ఇది తెలుసు. పది అడుగుల మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఎడమ సగం ఒకరిది, కుడి సగం ఇంకొకరిది. రంగు నూలును చేత్తో దూర్చి, ఇనుప పళ్లున్న పంజాతో కొట్టి బిగిస్తారు. ఇద్దరూ సమానంగా సాగాలి. ఒకరు ముందుకు పోతే నిలువు పోగుల పడుగు లాగేసి జంపఖానా వంకర తిరుగుతుంది. అందుకే రెండోవాడు లేకుండా ఎవరూ పంజా ముట్టరు. జోడీలో ఒకడికి జ్వరం వస్తే ఇద్దరూ పడుకున్నట్టే లెక్క.

మా బాపుకు జోడీ ఒక ముస్లిం నేతగాడు. నేను ఆయన్ని చాచా అని పిలిచేదాన్ని. నేను పుట్టకముందు నుంచీ వాళ్లిద్దరిదీ ఒకే మగ్గం. బాపు ఎడమ, చాచా కుడి. బాపు నోరు తెరిస్తే మూయడు, చాచా మూస్తే తెరవడు. వాడలో ఎవరైనా "మీ బాపు ఏడి?" అని అడిగితే "చాచాతోని ఉన్నడు" అనేదాన్ని. చూసి చెప్పిన జవాబు కాదది, నోటికి అలవాటైన జవాబు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బాపును చంపేశారు. చంపింది మా మేనమామ, అంటే అమ్మకు సొంత తమ్ముడు. ఈ ముక్క దాచిపెట్టి చివర్లో చెప్పి మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేయాలన్న సరదా నాకు లేదు. హత్య అనగానే చంపినవాడెవడు, చచ్చినవాడెవడు అని అడుగుతారు, మిగిలినవాళ్లు ఏమయ్యారని ఎవరూ అడగరు. నేను చెప్పేది ఆ మిగిలినవాళ్ల సంగతి, ముఖ్యంగా మా అమ్మ సంగతి. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఇది నేను గర్వంగా చెబుతున్నాను. ఓదార్పు మాటలు ఎవరైనా తెచ్చుకుని ఉంటే వాళ్ల దగ్గరే ఉంచుకోవచ్చు.

మామ హసన్‌పర్తిలో మా అమ్మమ్మ దగ్గర ఉండేవాడు. అమ్మకు పన్నెండేళ్లప్పుడు పుట్టిన తమ్ముడు. అమ్మే చంకనేసుకుని పెంచింది. పెళ్లయ్యాక భార్యను కొట్టడం మొదలుపెట్టాడు. ఒక రోజు ఆ అత్తమ్మ చిట్లిన పెదవితో బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది. మరునాడు ఆమెను తీసుకుపోవడానికి మామ వచ్చాడు. బాపు వాడ నడిబొడ్డున, అందరూ చూస్తుండగా వాడి చెంప పగలగొట్టాడు.

"ఇంకోపాలి ఆమె మీద చెయ్యి లేపితే ఆ చెయ్యి ఉండది" అన్నాడు.

వాడలో ఆడవాళ్లు పకపకా నవ్వారు. మామ ఒక్కడే వెళ్లిపోయాడు. మగవాడికి దెబ్బ కంటే ఆ నవ్వు ఎక్కువ తగులుతుందని మాకెవరికీ తట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున నేను బడికి పోయాక బాపుకూ చాచాకూ మగ్గం గదిలో మాటామాటా పెరిగింది. పెళ్లిమండపానికి ఇవ్వాల్సిన జంపఖానా సగం కూడా కాలేదు. బాపు మాత్రం పొద్దంతా ఊళ్లోవాళ్ల పంచాయితీలు తీర్చి వస్తున్నాడు.

"రోజు ఎవలదో ఒక లొల్లి నెత్తినేసుకుంటవ్. మగ్గం మీద కూసునేది ఎప్పుడు?" అని చాచా అరిచాడు. ఎప్పుడూ నోరెత్తని మనిషి అరిచేసరికి చుట్టుపక్కల మగ్గాలు ఆగిపోయాయట.

"జర ఆగు భాయ్. పచ్చ నూలు అయిందో లేదో చూసి గిప్పుడే వస్త" అని బాపు.

"పో, పో. మళ్ల రాకు!"

ఆ "మళ్ల రాకు" వాడంతా విన్నది. బాపు నవ్వుకుంటూ రంగుల బట్టీకి బయలుదేరాడు. రైలు పట్టాల పక్కన కంపచెట్ల మధ్య నుంచి దగ్గరిదారి ఉంది. ఆ దారినే పోయాడు. తర్వాత కొంతసేపటికి అమ్మ కండెలు పట్టుకుని మగ్గం గదికి వెళ్లింది. నూలు కండెలకు చుట్టి ఇద్దరికీ అందించడం ఆమె పని. చాచా గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆయన వైపుకు కావలసిన ఎర్ర కండెలు పన్నెండు బుట్టలో పెట్టి, నేతను ఒకసారి చూసి వచ్చింది.

ఆమె ఇంటికి వచ్చిన కాసేపటికి మామ వచ్చాడు.

"బావ ఏడి అక్కా?"

"రంగుల బట్టీకి పోయిండు, పట్టాల పక్క తొవ్వల. జల్ది పో, కలుస్తడు. కాళ్లు పట్టుకోని మాఫీ అడుగు" అంది అమ్మ. తమ్ముడికి బుద్ధి వచ్చిందనుకుంది పిచ్చితల్లి.

సాయంత్రం అదే దారిలో, కంపచెట్ల పక్కన బాపు పడి ఉన్నాడు. తల వెనక దుడ్డుకర్ర దెబ్బ.

నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో జనం. నన్ను ఎవరో పట్టుకుని కూర్చోబెట్టారు. ఒక పోలీసాయన నా ముందు గొంతుక్కూర్చుని మెల్లగానే అడిగాడు. "మీ బాపు ఎవలతోని పోయిండు బిడ్డా?"

"చాచాతోని" అన్నాను.

నేను బాపు బయలుదేరడం చూడనే లేదు. ఆ టైముకు బడిలో ఏదో లెక్క తప్పు చేసి బెంచీ ఎక్కి నిలబడి ఉన్నాను. అయినా ఆ మాట అనేశాను. నా తర్వాత పోలీసులు అడిగిన ముగ్గురు నలుగురు కూడా అదే చెప్పారు. పొద్దున జరిగిన గొడవ సంగతి కూడా చెప్పారు. చీకటి పడకముందే చాచాను జీపెక్కించారు.

"నేను మగ్గం మీదనే ఉన్న సార్. ఒక్కన్నే నేస్తున్న" అన్నాడు చాచా.

అది వినగానే మా వాడవాళ్లే తల అడ్డంగా ఊపారు. "ఒక్కడే నేసుడు ఉండది సార్" అన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. మా పని పద్ధతి ప్రకారం చూస్తే చాచా చెప్పిందే అబద్ధంలా ఉంది. మా పద్ధతి తెలియని ఊళ్లో అయితే ఆ ముక్క ఎవరైనా నమ్మేవాళ్లేమో. ఇక ఏటా పండగకు వాళ్లింటి సేమియా గిన్నెలు నాకినవాళ్లు కొందరు "వాళ్లను నమ్మితే గిట్లనే ఐతది" అని గొణగడం కూడా విన్నాను. ఆ గొంతులు ఎవరివో నాకిప్పటికీ గుర్తే. ఎదురుపడితే నేను పలకరించను.

రెండు రోజులు అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. చాచా చంపాడని నమ్మిందో లేదో నాకు తెలియదు, తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. మామ పాడె మోశాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది వాడే.

మూడో రోజు మా కులపెద్ద కత్తి పట్టుకుని వచ్చాడు. నేసేవాడు పోతే మగ్గం మీద మిగిలిన నేతను మూడో దినం దాటకుండా కోసేయడం మా వాడలో పద్ధతి. కోసిన ముక్కను బూడిదతో పాటు నీళ్లలో కలుపుతారు. హత్య జరిగిన రాత్రే మగ్గం గదికి తాళం వేసి తాళంచెవి ఆయనే దగ్గర పెట్టుకున్నాడు. ఇంటి ఆడది నేత మీద ఒకసారి చెయ్యి పెట్టి మొక్కాలి కాబట్టి అమ్మను పట్టుకుని తీసుకుపోయారు. నేనూ వెంట ఉన్నాను.

అమ్మ చెయ్యి పెట్టింది. ఎడమ నుంచి కుడికి నిమురుతూ పోయిన చెయ్యి మధ్యలో ఆగింది. వంగి చూసింది. బుట్టలోకి చూసింది. ఎర్ర కండెలు పన్నెండూ ఖాళీ.

"ఆగుండ్రి. కొయ్యకుండ్రి" అంది.

"మూడో దినం దాటొద్దు బిడ్డా" అన్నాడు కులపెద్ద.

"దాటనియ్యి. ముందు నువ్వు చెయ్యి పెట్టి చూడు పెద్దయ్యా."

ఆ జంపఖానాకు నడుమ గీత దగ్గర ఎడమ రంగూ కుడి రంగూ విడిపోతాయి. బాపు వైపు నేత ఒక చోట ఆగింది. చాచా వైపు దాన్ని దాటి పోయింది. పెద్దయ్య అరచెయ్యి అడ్డంగా ఆనించి చూశాడు. నాలుగు వేళ్లు. బొటనవేలి గోరుతో పోగులు గీకి చూశాడు. చాచా దెబ్బ ఎప్పుడూ గట్టిది, గోరు కూడా దూరనివ్వదు. ఆ వయసు నేతగాడికి చేతిరాత గుర్తుపట్టడం ఎంతో, చేతి దెబ్బ గుర్తుపట్టడమూ అంతే.

"ఆ పొద్దుగాల నేను కండెలు పెట్టినప్పుడు రెండు దిక్కులు సమానముండె. నా కండ్లతోని చూసిన. నాలుగు వేళ్లు నేసుటానికి ఎంతసేపు పడతది పెద్దయ్యా?" అని అడిగింది అమ్మ.

"పొద్దుమూకెదాక పడతది" అన్నాడాయన. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక్కడే కూర్చుని నేయకూడని నేత నేశాడు చాచా. ఎందుకు నేశాడో ఆయన తర్వాత చెప్పాడు. బాపు మీద కోపంతో. తిరిగి వచ్చి తాను ఎంత వెనకబడ్డాడో చూసి సిగ్గుపడాలని. ఆ పంజా చప్పుడు వాడంతా వినే ఉంటుంది. ముప్పై మగ్గాల మధ్య అది ఒక్క పంజానా, రెండా అని ఎవరు పట్టించుకుంటారు?

అమ్మ నా వైపు తిరిగింది. అందరూ వింటుండగా అడిగింది. "నువ్వు మీ బాపు చాచాతోని పోంగ చూసినవా?"

"చూడలే" అన్నాను.

"మరెందుకు చెప్పినవ్?"

"ఎప్పుడు గట్లనే చెప్తం గద అమ్మా..."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నాలాగే చెప్పిన పెద్దమనుషులు అక్కడే ఉన్నారు. వాళ్లు ఒక్కొక్కరే గది బయటికి జారుకున్నారు. "నడువు. గీ మాటనే ఠాణాల చెప్పుదువు" అని నా రెక్క పట్టుకుంది.

ఇంటి ముందు అమ్మమ్మ అడ్డం పడింది. మొగుడు పోయిన మూడో నాడు వాడ దాటకూడదని మొదలుపెట్టింది. అమ్మ ఆగకపోయేసరికి గొంతు తగ్గించి, కొంగు పట్టుకుని, అసలు మాట చెప్పింది.

"జంపఖానా సంగతి చెప్పు, గంతే. మిగిలింది నీకెందుకే? మొగుడు ఎట్లనో పోయె. ఉన్న ఒక్క తమ్మున్ని గూడ పోగొట్టుకుంటవా?"

అప్పుడే నాకు అర్థమైంది. అమ్మమ్మకు తెలుసు, లేదా ఊహించింది. అమ్మ కూడా ఊహించిందని అప్పుడే అర్థమైంది. అమ్మ కొంగు విడిపించుకుని నడిచింది. పదమూడేళ్ల పిల్లను నేను. ఠాణా దాకా ఆమె పక్కన నడుస్తూ, తమ్ముడి సంగతి చెబుతుందా చెప్పదా అని ఆమె ముఖం చూస్తూనే ఉన్నాను.

ఎస్సై మొదట విసుక్కున్నాడు. "జంపఖానా సాక్ష్యం చెప్తదా?" అన్నాడు. నేను నా మాట చెప్పాను. అబద్ధం చెప్పడం సులువే, "నేను చూడకుండ చెప్పిన సార్" అని చెప్పడానికే ప్రాణం పోయింది. వెంట వచ్చిన కులపెద్ద తాళంచెవి బల్ల మీద పెట్టి, తాళం వేసిన దగ్గర నుంచి ఇవాళ దాకా గది తెరవలేదని, చాచా ఆ సాయంత్రం నుంచీ ఠాణాలోనే ఉన్నాడని చెప్పాడు. ఎస్సై స్వయంగా మగ్గం గదికి వచ్చాడు. టేపు పెట్టి కొలిచాడు, ఫోనుతో ఫొటోలు తీశాడు. పెద్దయ్య చెప్పినట్టు గోరు దూర్చి కూడా చూశాడు. లేచి అమ్మను అడిగాడు.

"సరే. గాయన కాకపోతే ఎవరమ్మా?"

అమ్మకు తప్పుకోవడానికి దారి ఉంది. "నాకు తెల్వది" అంటే సరిపోయేది. చాచా బయటపడేవాడు. ఆమెను ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఎవరో దొంగలని పోలీసులు నాలుగు రోజులు వెతికి ఊరుకునేవాళ్లు.

"ఎవలో నేను చూడలే సారూ" అంది అమ్మ. "గని ఆ పొద్దుగాల మా తమ్ముడు మా ఇంటికొచ్చిండు. మొన్న మా ఆయన ఆన్ని కొట్టిండు. మా ఆయన ఏ తొవ్వల పోయిండని అడిగిండు. నేనే చెప్పిన."

నా జీవితంలో చాలామంది చదువుకున్నవాళ్లను, పదవుల్లో ఉన్నవాళ్లను చూశాను. మగ్గం గది మట్టినేల మీద చెప్పుల్లేకుండా నిలబడిన ఆ మనిషి పక్కన వాళ్లెవరూ నా కంటికి ఆనరు.

మామను ఆ సాయంత్రమే పట్టుకున్నారు. అడగ్గానే ఒప్పేసుకున్నాడట. కర్ర ఎక్కడ పారేశాడో కూడా చూపించాడు.

చాచా ఇంటికి వచ్చాడు. కుడి మణికట్టు బూరెలా వాచి ఉంది. ఠాణాలో ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. ఆ చెయ్యి మళ్లీ మునుపటిలా పంజా ఎత్తలేదు. అమ్మ నన్ను తీసుకుని వాళ్లింటికి పోయి గుమ్మంలో నిలబడింది.

"మా నోటితోనే నీకు గీ గతి పట్టింది. మాఫ్ చెయ్యి అన్నా" అంది.

నేను ఆయన కాళ్ల మీద పడబోతే ఎడమ చేత్తో ఆపాడు. "నీ తప్పు గాదు బేటీ. మీ బాపు ఏడికి పోయినా, నన్నడిగితే నేను గూడ నాతోనే ఉన్నడు అంటుంటి" అన్నాడు. అని, ఆ మూగమనిషి పెద్దగా ఏడ్చాడు. ఆ మూడు రోజుల్లో జోడీ పోయినందుకు ఆయన్ని ఏడవనిచ్చింది ఎవరు?

ఇక జంపఖానా మిగిలింది. కోయాల్సిన దినం దాటిపోయింది. పెద్దయ్య అయితే ఏమీ అనలేదు గానీ, తతిమ్మావాళ్లు అరిష్టమన్నారు. అమ్మ పోయి బాపు స్థానంలో కూర్చుంది. చాచా తటపటాయించాడు. "భాభీ, లోకం ఏమంటదో" అన్నాడు.

అననే అన్నది లోకం. మొగుడు పోయి నెల కాలేదు, పరాయి మగవాడి పక్కన కూర్చుందని. అమ్మ పంజా పట్టుకుని గడప దగ్గరికి వచ్చి, "గంత రంది ఉంటే మీరే వచ్చి కూసోండ్రి, పంజా ఇత్త" అంది. ఒక్కరూ రాలేదు. ఆ తర్వాత చాచా భార్య రోజూ చాయ్ తెచ్చి కావాలనే అందరికీ కనబడేలా ఇద్దరి మధ్యనే కూర్చుని తాగి పోయేది. అమ్మ ముందు ఆ నాలుగు వేళ్ల వెనకబాటును పూడ్చింది. తర్వాత ఇద్దరూ సమానంగా సాగారు. చాచా ఎడమ చేత్తో కొట్టేవాడు. మండపంవాళ్లు వచ్చి తీసుకుపోయారు, వంకర ఉందని ఎవరూ అనలేదు.

అత్తమ్మ పుట్టింటికి పోలేదు, మా ఇంట్లోనే కండెలు చుట్టింది. తన వల్లే ఇదంతా జరిగిందని ఆమె ఒకసారి అంటే, అమ్మ అన్నం కలుపుతున్న చేత్తోనే ఆమె నోరు మూసింది. ఇప్పుడు ఆమె అంగన్‌వాడీలో పిల్లలకు వండిపెడుతోంది. మా ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వేది ఆమే. అమ్మమ్మ మాత్రం అమ్మతో మళ్లీ మాట్లాడలేదు. ప్రతి నెలా నేను హసన్‌పర్తికి బియ్యం పట్టుకుపోయేదాన్ని. తీసుకునేది, ఎవరు పంపారని అడిగేది కాదు.

రెండేళ్లకు కేసు హనుమకొండ కోర్టులో విచారణకు వచ్చింది. ఠాణాలో ఒప్పుకున్నది కోర్టులో చెల్లదట, అమ్మ సాక్ష్యమే కావాలన్నారు. మామ తరఫు వకీలు అమ్మను ఏకవచనంలో గద్దించాలని చూశాడు గానీ, ఆమె ముఖం చూసి "మీరు" లోకి దిగాడు.

"ఆ రోజు మీ తమ్ముడు మీ ఇంటికి వచ్చాడని ఇంకెవరైనా చూశారా?"

"ఎవ్వలు చూడలే సార్."

"మరి ఎవరూ చూడని సంగతిని కోర్టు ఎలా నమ్మాలి?"

"నమ్ముడు నమ్మకపోవుడు మీ పని సార్. ఆన్ని పెంచింది నేను. ఆనికి తొవ్వ చెప్పింది నేను. ఇందుల ఒక్క ముక్క తప్పున్నా నాకే మంచిగుండు."

వకీలు కాగితాలు తిరగేసి కూర్చున్నాడు.

తీర్పు రోజున యావజ్జీవం పడింది. వరండాలో మామను తీసుకుపోతుంటే అమ్మ అడ్డం పోయి నిలబడింది. వెంట ఉన్న పోలీసు ఒక నిమిషం ఆగనిచ్చాడు. మామ బాగా చిక్కిపోయాడు. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడు. అమ్మ అది విప్పి సరిగా పెట్టింది. కొంగుతో వాడి నుదుటి చెమట తుడిచింది.

వాడికి కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. "నువ్వు నాకు తొవ్వ చెప్పిన సంగతి మనిద్దరికే ఎరుక గదనే అక్కా. నువ్వు నోరు తెరవకపోతే ఇంకెవలకు తెలుస్తుండె?"

"నాకు తెలుస్తుండె గదరా" అంది అమ్మ.

పోలీసు వాడి భుజం తట్టాడు. మామ మెట్లు దిగి వ్యాను ఎక్కేదాకా అమ్మ అక్కడే నిలబడి చూసింది. ఆమె కడుపున పుట్టానన్న గర్వంతో నాకప్పుడు ఏడుపొచ్చింది.